తాళాలగుత్తి వైద్యం

నా మనవరాలి ఏడాది కష్టాన్ని ఒక్క చేత్తో ముంచినదాన్ని నేను. నవ్వాలనుకునేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి. ముందుకు పోతే జాలి పుడుతుంది, అది నాకు నచ్చదు. అప్పటికి నాకు అరవై మూడేళ్లే. అక్షరాలు అప్పుడప్పుడే వస్తున్నాయి, తెలివి ఇంకా రాలేదు.

అందరూ ఈత కొట్టడానికి నీళ్లలో దిగితే, మా మౌనిక ఊపిరి బిగబట్టి కదలకుండా పడుకోవడానికి దిగుతుంది. దానికీ పోటీలున్నాయట! ఆ ఆదివారం వనస్థలిపురం ఈతకొలనులో నెగ్గితే విశాఖలో పెద్ద పోటీకి పంపుతారు. దాని కోసం దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంట్లో మంచం మీద కూడా ఊపిరి ఆపి పడుకునేది. నేను మాటిమాటికీ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని.

ఆటోలో చెప్పింది: "నానమ్మా, నేను లేచి సైగ చేసేదాక ఎవ్వలు ముట్టొద్దు. ముడితే ఉన్న రెండు ఛాన్సుల్ల ఒకటి పోతది."

"నాకెందుకే చెప్తవ్? పసిపిల్లనా?"

"పసిపిల్లవైతే గింత భయం లేకుండె."

గట్టున కూర్చున్నాను. మౌనిక బోర్లా తేలింది. పక్కనే వైజాగ్ నుంచి వచ్చిన దాని కోచ్ నడుంలోతు నీళ్లలో నిలబడ్డాడు. తోడుగా నేనూ ఊపిరి బిగబట్టాను. వదిలాను. మళ్లీ పట్టాను, వదిలాను. పిల్ల మాత్రం చారులో మరిచిపోయిన మునక్కాయలా తేలుతోంది.

"సారూ, పిల్ల బతికే ఉన్నదా?"

"ఉందండి మామ్మగారూ. కంగారు పడకండి."

అంతలో మౌనిక నడుము ఎగిరింది. వీపు కుదిపినట్టయింది. మళ్లీ ఎగిరింది.

"సారూ! ఫిట్సు!"

"కాదండీ, ఊపిరి ఆపితే పొట్ట అలాగే కొట్టుకుంటు..."

ఆయన మాట పూర్తయ్యేదాకా ఎవరాగుతారు? మా నల్గొండ పల్లెల్లో ఫిట్స్‌కు ఒకటే వైద్యం: చేతిలో ఇనుము పెట్టాలి. కోడలికి కూడా ఇవ్వని ఇంటి తాళాలగుత్తి నా నడుముకే ఉంటుంది. గట్టు మీద బోర్లా పడి, పిల్ల పిడికిట్లో కుక్కేశాను.

"ముట్టుకోకండీ!" అని కోచ్ కేక.

మౌనిక ఉలిక్కిపడి చెయ్యి విదిల్చి లేచింది. గుత్తి ఎగిరి లోతు వైపు బుడుంగున మునిగింది. దిగితే గాని లోతు తెలియదంటారు. నేను గట్టు మీదే మునిగాను.

"నానమ్మా! ఏం జేసినవే! ఇంక జర సేపుంటే అయిపోతుండె!"

దాని కళ్లు ఎర్రబడ్డాయి. నీళ్లవల్లే అని నాకు నేను చెప్పుకున్నాను.

కోచ్ తల పట్టుకున్నాడు. "ఒక ఛాన్స్ పోయిందండీ. ఇంకొక్కటే ఉంది. అప్పుడు మాత్రం మామ్మగారు ఇక్కడ ఉండకూడదు."

మౌనిక గుత్తి కోసం లోతుకు దిగింది. నీళ్లు మూసుకున్నాయి. ఈసారి నేను అరవలేదు. చేతులు మాత్రం గజగజ వణికాయి. ఎంతకీ రాదు. నా ప్రాణం తాళాలకంటే కిందికి పోయింది. చివరికి తేలి, గుత్తిని నా చేతిలో పెట్టి పిడికిలి మూసింది.

"గట్టిగ పట్టుకో నానమ్మా. ఫిట్సు నీకే వచ్చినట్టున్నయ్."

రెండో ఛాన్సులో నెగ్గింది. నేను చూడలేదు. కొలనుకు దూరంగా, మా ఇంటి దారిలో ఉన్న ఎల్‌బీ నగర్ మెట్రో మెట్ల మీద కూర్చుని, ఫోన్ వచ్చేదాకా పిడికిలి విప్పలేదు.

అందుకే ఒట్టేసి చెబుతున్నాను: మౌనిక నీళ్లలో ఉన్నంతసేపు నేను ఎల్‌బీ నగర్ దాటను. ఒట్టు తప్పకుండా ఉండాలని తాళాలగుత్తి కోడలికి అప్పజెప్పాను. పెళ్లయిన నాటినుంచి ఆమె ఆ గుత్తి కోసం ఊపిరి బిగబట్టుకునే ఉందట. మా ఇంట్లో అసలు ఛాంపియన్ ఎవరో అప్పుడు తెలిసింది.