పడవ నడిపే ఆవిడ

ఆదివారాలు నేను గుడివాడ వెళ్లింది చుట్టరికం కోసం కాదు, అసలు లేనే లేని ఒక ఆడమనిషి కోసం. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

మొదట్లో అమ్మ పంపితేనే బందరులో బస్సెక్కి మావయ్య వాళ్లింటికి వెళ్లేదాన్ని. అక్కడ మేడ మీద గదిలో బావ ఒక కథ నడిపేవాడు. మేమందరం ఆ కథలో తలా ఒక మనిషై మాట్లాడాలి. అదే ఆట. వదిన రాణి. బావ స్నేహితుడు వీరుడు. దారి చెప్పేవాళ్లు, అన్నం పెట్టేవాళ్లు, కాపలావాళ్లు నా వంతు.

"ఎలాగూ నీకు నోట్లోంచి మాట రాదు కదా. చిల్లర వేషాలు నీకు సరిపోతాయి," అన్నాడు బావ మొదటి రోజే.

ఆ చిల్లర మనుషుల గతి చూస్తే నాకు ఒళ్లు మండేది. రాణీ వీరుడూ వాళ్లు పెట్టింది తింటారు, అడిగింది చెప్పించుకుంటారు, పని అయిపోగానే చంపించేస్తారు. వీరుడికి కోపం రావాల్సినప్పుడల్లా నావాళ్లలో ఒకరు పోవాలి. వైద్యుడు అలాగే పోయాడు. గుర్రాలు కాసే ముసలాయనా అంతే.

అందుకే పడవ నడిపే ఆవిణ్ణి జాగ్రత్తగా తయారుచేసుకున్నాను. దివిసీమలో నేను చూసిన ఏటిపాయలన్నీ ఆవిడకి కంఠతా వచ్చు. వీరుడు తొందరపెడితే, "పోటు తగ్గేదాకా నోరు మూసుకుని కూర్చోవయ్యా. ఏరేమన్నా మీ మావగారు రాసిచ్చాడా?" అంది. అందరూ నవ్వారు. ఆ మాట నా నోట్లోంచే వచ్చిందంటే నాకే నమ్మకం కలగలేదు. అప్పటి నుంచి వారమంతా ఆవిడ ఏం మాట్లాడాలో ఆలోచిస్తూ, ఎవరూ పంపకుండానే వెళ్లేదాన్ని.

కిందటి ఆదివారం కథ చివరి యుద్ధానికి వచ్చింది.

"మా వీరుడికి ఇంకా కోపం రావట్లేదు మావా," అన్నాడు బావ స్నేహితుడు.

"పడవావిణ్ణి లేపేద్దాం," అన్నాడు బావ, బజ్జీ తుంచుకుంటూ.

"పాపం, బాగా మాట్లాడుద్దిరా ఆవిడ," అంది వదిన. "సరేగానీ, ఆ సగం బజ్జీ ఇటివ్వు."

ఈసారి నాకు అడ్డం పెట్టుకోవడానికి ఏ వేషమూ లేదు.

"వద్దు బావా. ఆవిణ్ణి చంపితే నేనింక రాను," అన్నాను.

బావ పెద్ద ఉపకారం చేస్తున్నవాడిలా నవ్వాడు.

"సరేలే మరదలా, చంపను. గొంతు మీద ఒక్క దెబ్బ వేయించి వదిలేస్తా. ప్రాణం ఉంటే చాలుగా, ఇంక ఆవిడకి మాటలెందుకు?"