చెప్పుల్లేని ఆయమ్మ

వనపర్తిలో తొలినాళ్ల మహిళా లెక్చరర్ల మీద పుస్తకం రాయాలని ఉమారాణి మేడం నడుం కట్టింది. నాగర్‌కర్నూల్‌లో ఓ డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతుంది. ఏ మాటకైనా ఆధారం అడిగే మనిషి. పిల్లలు ఒక్క తేదీ తప్పు రాస్తే చాలు, కాగితం మొహాన కొడుతుంది. అంతటి మేడంగారి నిర్వాకం ఇది.

అక్కడి ఓ పాత కాలేజీ రికార్డు గదిలో బూజు దులిపి, తుమ్మి తుమ్మి, ఒక ఫోటో సంపాదించింది. మగ లెక్చరర్ల నడుమ కుర్చీలో కూర్చున్నది రెబెకా, ఇంగ్లీషు లెక్చరర్. చివరన నల్లగా, బక్కగా మరో స్త్రీ నిలబడి ఉంది. కాళ్లకు చెప్పుల్లేవు. ఫోటో వెనక పేర్లూ లేవు; కుర్చీలోని మనిషిని మాత్రం కాలేజీ పాత గుమాస్తా గుర్తుపట్టాడు.

రెబెకా గద్వాలలో ఉందని తెలిసి వెతుక్కుంటూ వెళ్లింది. ముసలామెకు చెవులు మందగించాయి కానీ మాట గట్టిదే. చివరి మనిషి మీద వేలు పెట్టి ఎవరని అడిగితే ఆమె కళ్లు తుడుచుకుంది.

"ఆయమ్మనా? ఆయమ్మ లేకుంటే నేను లేను బిడ్డా. ఊర్ల ఎవ్వరు మాకు ఇల్లు కిరాయికియ్యలే. ఇద్దరం ఒక్క అర్రల ఉంటిమి. జరమొస్తే గంజి కాచి తాపింది. గీ ఫోటో దిగేటప్పుడు నా చెప్పు తెగితే, మొదటి జీతంతోటి కొనుక్కున్న తన చెప్పులు ఇడిసిచ్చింది."

గద్వాల మాటలో ఆయమ్మ అంటే ‘ఆ అమ్మ’, ఆవిడ అని. ఉమారాణి చదివిన బడిలో ఆయమ్మ అంటే గదులు ఊడ్చే ఆయా. సరే, మాట తేడా అనుకుందాం. కానీ ఆ కాళ్లు చూసినప్పుడే ఆమె ఆయా అని తేల్చేసుకుంది, ఇంకో ప్రశ్న అడగలేదు. అంతలో లోపలి నుంచి మరో ముసలామె చాయ్ తెచ్చి ఇచ్చింది. ఉమారాణి రాసుకుంటూనే గ్లాసు అందుకుంది. ఇచ్చిన మనిషి మొహం చూడలేదు.

ఆ తర్వాత అదే కాలేజీ హాజరు రిజిస్టర్లో ‘జంగమ్మ, గణితం’ అన్న పేరు కనబడింది. ఈ జంగమ్మ ఎవరు? ధరూర్, పాన్‌గల్, పెబ్బేరు, అన్నీ తిరిగింది. రెబెకాకు ఫోన్ చేస్తే వినపడలేదు. మళ్లీ గద్వాల దాకా ఎవరు పోతారులే అనుకుంది. ‘జంగమ్మగారి రూపం కూడా మనకు మిగలకపోవడం విషాదం’ అని పుస్తకంలో రాసింది. ఎదుటి పేజీలోనే ఫోటో, దాని కింద ‘చివరన కాలేజీ ఆయా’ అని ఉంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

పుస్తకం అచ్చయ్యాక, ఆవిష్కరణకు రెబెకాను పిలవాలని ఉమారాణి గద్వాల వెళ్లింది. వేదిక మీద ఆమె లేకపోతే ఆ సభకు అర్థం లేదు. రెబెకా భూతద్దం పెట్టి ఫోటో చూసి, కింది మాట చదివింది. తర్వాత లోపలికి కేకేసింది.

"జంగమ్మా, జర ఇటు రా."

చాయ్ ఇచ్చిన ముసలామె కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

ఉమారాణికి తల కొట్టేసినట్లయింది. పుస్తకం లాక్కుందామా అనిపించింది కూడా. జంగమ్మ అద్దాలు పెట్టుకుని రెండు పేజీలూ నిదానంగా చదివింది.

"నేనే బిడ్డా, లెక్కలు చెప్పినదాన్ని. మా అమ్మ, నాయిన ధరూర్ల కూలికి పోయి చదివిచ్చిన్రు. కాలేజీల చేరిన నాడు ప్రిన్సిపాల్ సారు నా ఉత్త కాళ్లు చూసి, చీపురు ఆ మూలకున్నది తీస్కో అన్నడు."

"తప్పయింది అమ్మా..."

"గాయన మీద నాకు కోపం రాలే. గాయన మా కథ రాస్తనని రాలేదు గద."

"పుస్తకాలన్నీ ఆపేస్తాను. మళ్లీ అచ్చు వేయిస్తాను. మీరిద్దరూ సభకు రావాలి."

"నేనైతే రాను," అంది రెబెకా. చెవుడు ఉన్న మనిషికి ఆ మాట మాత్రం ఎలా వినపడిందో!

జంగమ్మ లోపలికి వెళ్లి చాయ్ తెచ్చింది.

"తాగు బిడ్డా, సల్లారిపోతది."

ఉమారాణి గ్లాసు అందుకుంది. ఈసారైనా ఆ మొహం చూడాలనుకుంది. తల పైకి లేవలేదు.