నా మొదటి ఏడు నిమిషాలు

డిగ్రీ పూర్తి చేసి హైదరాబాద్ నుంచి మస్కట్ తిరిగొచ్చిన ఏడాది నా దగ్గర ఉద్యోగం లేదు. ఏం కావాలనుకుంటున్నానో చెప్పగలిగే ధైర్యం కూడా అంతగా లేదు. నాన్న మస్కట్‌లోనే ఘాలా అనే పేటలో ఒక కంపెనీలో సేఫ్టీ ఇంజనీరు. అమ్మ ఇంట్లో పిల్లలకు లెక్కలు చెప్తుంది. ఊరి చివర మబేలాలో మా ఫ్లాట్ ఒక సూపర్‌మార్కెట్ పైన ఉంటుంది. అక్కడే కూర్చుని నేను ఫోన్‌లో దరఖాస్తులు నింపుతూ ఉండేదాన్ని.

అలా నింపిన వాటిలో ఒకటి తగిలింది. శ్రోతల విరాళాలతో నడిచే ఒక చిన్న తెలుగు రేడియో సంస్థ, కొత్తవాళ్ళకి ఆరు నెలల ఫెలోషిప్ ఇస్తోంది. వారానికి రెండు రోజులు ఆన్‌లైన్ క్లాసులు. చివర్లో ఎవరికి వాళ్ళు తామున్న ఊరి నుంచి ఏడు నిమిషాల కథనం తయారుచెయ్యాలి. బాగుంటే ప్రసారం చేస్తారు. ఎంపికైన ఆరుగురిలో దేశం బయట ఉన్నది నేనొక్కదాన్నే.

నాన్న సంతోషించాడు, వెంటనే భయపడ్డాడు కూడా. "ఇది మన దేశం కాదమ్మా. ఎవర్నీ అడక్కుండా మైకు బయటికి తియ్యకు. ఎవర్ని మాట్లాడిస్తే వాళ్ళ కఫీల్‌ని కూడా అడుగు" అన్నాడు. కఫీల్ అంటే పనికి పెట్టుకున్న యజమాని. ఆ మాట ఇక్కడ అందరికీ అమ్మానాన్న అనే మాటల్లాగే తెలుసు.

మాకు నేర్పే ఎడిటర్ మేడమ్ హైదరాబాద్‌లో ఉండేది. తక్కువ మాట్లాడేది. మొదటి నెలంతా మాతో గొంతులు రికార్డు చేయించలేదు, వినడం మాత్రమే చేయించింది. ఎవరో చేసిన గంట ఇంటర్వ్యూ పంపి, ఏ నిమిషంలో ఏముందో రాసి పంపమనేది. నా గొంతు రికార్డు చేసే వంతు వచ్చాక బట్టల బీరువాలో తల దూర్చి చదివాను. బట్టలు ప్రతిధ్వనిని మింగేస్తాయట. ఏసీ చప్పుడు పడకూడదని ఆపేసేదాన్ని. జూన్‌లో మబేలాలో ఏసీ ఆపి బీరువాలో కూర్చుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అమ్మ తలుపు తీసి చూసి, ఒక తువ్వాలు ఇచ్చి వెళ్ళింది.

కథనం కోసం మనిషిని వెతకలేదు. ఆ మనిషి గొంతే నా చెవిన పడింది. అమ్మ మోకాలి నొప్పి చూపించడానికి పాలీక్లినిక్‌కి వెళ్ళినప్పుడు, వరండాలో నలభై దాటిన ఒకావిడ డాక్టరుతో గడగడా అరబ్బీ మాట్లాడుతోంది. మాట్లాడి, పక్కనే బిక్కుబిక్కుమంటూ నిలబడ్డ గోదావరి జిల్లా అమ్మాయి వైపు తిరిగింది.

"చక్కెర కొంచెం ఎక్కువుందంట, అంతే. భయపడాకు. మందు రాసిస్తాండాడు. తిన్నాక ఏసుకో."

కడప యాస. ఆ రెండు భాషలూ ఒకే నోట్లోంచి అంత సులువుగా రావడం నేనెప్పుడూ వినలేదు. ఆమె పక్కన చక్రాల కుర్చీలో ఒక ముసలావిడ కూర్చుని ఉంది, ఒమానీ ఆవిడ. కడప అక్క పనిచేసే ఇంటి పెద్దావిడ. పక్షవాతం వచ్చి కుడిచెయ్యీ మాటా రెండూ పోతే, వ్యాయామాల కోసం వారం వారం తీసుకొస్తుందట.

నేను పలకరించాను. "అరబ్బీ ఎక్కడ నేర్చుకున్నారక్కా?"

"యాడ నేర్సుకుంటాను పాపా! ఈమెతో పాటే" అని కుర్చీ వైపు చూపించి నవ్వింది.

పెద్దావిడకి మాట తిరిగి రావడానికి డాక్టర్లు రోజుకు పది మాటలు పలికించమన్నారు. నీళ్ళు, రొట్టె, ఎండ, తలుపు. ఇంట్లో అందరూ ఆఫీసులకూ కాలేజీలకూ పోతే మిగిలేది వీళ్ళిద్దరే. ఆమె పలకలేని మాటని ఈమె పలికేది, ఈమె తప్పు పలికిన మాటకి ఆమె తల అడ్డంగా ఊపేది. రెండేళ్ళు అలా గడిచాయి. "ఇద్దరం ఒగే క్లాసులో కూర్సుంటిమి. ఆమెకు మల్లా నేర్సుకోవాల్సి వచ్చె. నాకు కొత్త" అంది.

నా కథనం సంగతి చెబితే అక్క సరేనంది. ఆ ఇంటి కోడలి అనుమతి కోసం నేనే వెళ్ళాను. బ్యాంకులో పనిచేసే మనిషి. నా ఇంగ్లీషు కాగితం రెండుసార్లు చదివి, "మా అత్తగారి పేరు, మా పేరు రాకూడదు. ఆవిడకి ఇష్టమైతే మాకూ ఇష్టమే" అంది. అత్తగారు ఎడమచెయ్యి ఎత్తి నన్ను దగ్గరికి పిలిచి, మైకు పట్టుకుని చూసి, తల ఊపింది.

మూడు మధ్యాహ్నాలు వంటింట్లో రికార్డు చేశాను. ఇప్పుడు ఆ టేపులు వింటే నా ప్రశ్నలకి నాకే సిగ్గేస్తుంది. ఇంటి మీద బెంగ లేదా? ఒంటరిగా అనిపించదా? ఏడుపు రాదా? అక్క ఉల్లిపాయలు తరుగుతూ ఒక్కో ముక్కలో జవాబిచ్చేది. నాకు కావలసిన కథ నా తలలో ముందే ఉంది. ఆమె నోటితో చెప్పించడమే మిగిలిందనుకున్నాను.

మూడో రోజు నాకు కావలసింది దొరికింది. మాటల్లో మాటగా ఒమాన్ వచ్చిన కొత్తలో పనిచేసిన మొదటి ఇంటి సంగతి చెప్పింది. అక్కడ నెల రోజులు ఆమెతో ఎవరూ మాట్లాడలేదు. చేత్తో సైగ చేస్తే పనిచెయ్యాలి. "నా గొంతు నాకే మరిసిపోతాదేమో అని స్నానాలగదిలో నీళ్ళు ఇడిసిపెట్టి, నా పేరు నేనే పిలుసుకునేదాన్ని" అంది. మళ్ళీ ఇంకో ఉల్లిపాయ అందుకుంది.

ఇంటికొచ్చి ఆ ముక్కని కథనం మొదట్లో పెట్టాను. ఎడిటర్ మేడమ్ విని, "ఇదే నీ మొదలు. కదపకు" అంది. ఆమె నా పనిని అలా మెచ్చుకోవడం అదే తొలిసారి. ఆ రోజంతా గాల్లో నడిచాను.

పంపాల్సిన రోజు ఉదయం ఉప్పో కాగితాలో ఏదో కొనడానికి కిందికి దిగితే, పక్క వీధిలోని ఆ ఇంటి సరుకుల కోసం సూపర్‌మార్కెట్‌కి వచ్చిన అక్క ఎదురైంది. "అయిపాయనా పాపా? నాకు ఇనిపీ" అంది. వినిపించాలని నేను అనుకోలేదు. ప్రసారానికి ముందు మాట్లాడినవాళ్ళకి వినిపించకూడదని మాకు క్లాసులో చెప్పారు కూడా. కానీ అడిగిన మనిషి ముఖం చూసి కాదనలేక ఫోన్ తీసి, ఒక ఇయర్‌ఫోన్ ఆమె చెవిలో, ఒకటి నా చెవిలో పెట్టాను. బియ్యం బస్తాల పక్కన నిలబడి విన్నాం.

మొదటి నిమిషం అవ్వకముందే ఆమె ఇయర్‌ఫోన్ తీసేసింది.

"ఇది తీసెయ్ పాపా."

"మీ పేరు ఎక్కడా లేదక్కా. ఊరు పేరు కూడా లేదు. మీరని ఎవరికీ తెలీదు."

"నా బిడ్డ ఇంటాది కదా. పేరు ల్యాకుంటే అమ్మ గొంతు తెలీదా దానికి?"

కూతురు కడపలో నర్సింగ్ చదువుతోంది. మొదటి ఇంటి గురించి ఆ అమ్మాయికి ఇప్పటిదాకా ఒక్క మాట చెప్పలేదట. ఫోన్ చేసిన ప్రతిసారీ బాగున్నాననే చెప్పిందట. "చదువుకునే పిల్ల. ఇప్పుడు అది కూర్సొని ఏడ్సాల్నా? నేను నీతో చెప్పింది నువ్వు మనిషివని. మైకు ఉందని మరిసిపోతి" అంది.

ఆమె కోప్పడలేదు. కోప్పడి ఉంటే నేను వాదించేదాన్నేమో. సరేనన్నాను. మెట్లెక్కుతుంటే మాత్రం ఏడుపొచ్చింది. అందులో ఆమె కోసం ఎంతో, పోయిన నా మొదటి నిమిషం కోసం ఎంతో చెప్పలేను.

మేడమ్‌కి ఫోన్ చేసి జరిగింది చెప్పాను.

"వినిపించకూడదని చెప్పాం కదా?"

"చెప్పారు మేడమ్."

"సరే, వినిపించావు. ఆమె కారణం చెప్పింది. ఆ కారణం నీకు సబబుగా ఉందా?"

"ఉంది."

"అయితే తీసెయ్. సాయంత్రం ఆరింటికి కొత్త మొదలు కావాలి. ఏడవడం తర్వాత."

ఏడ్చిన సంగతి గొంతులో తెలియకుండా మాట్లాడాననుకున్నాను.

మధ్యాహ్నమంతా పనికిరావని పక్కన పడేసిన రికార్డింగులు మళ్ళీ విన్నాను. రెండో రోజు, మాటల మధ్య అతకడానికి గది నిశ్శబ్దం కావాలని మైకు ఆన్ చేసి ఒక మూల వదిలేసిన ముక్కలో వాళ్ళిద్దరి పాఠం నడుస్తోంది. అక్క ఒక మాట అంటుంది. పెద్దావిడ దాన్ని పట్టుకోవడానికి తంటాలు పడుతుంది. మళ్ళీ అంటుంది, మళ్ళీ పడుతుంది. ఎక్కడో గిన్నె మీద మూత కదులుతుంది. ఉన్నట్టుండి పెద్దావిడ స్పష్టంగా "మిల్హ్ వాజిద్" అంది. ఉప్పు ఎక్కువైంది అని. అక్క పగలబడి నవ్వింది. "సూడు సూడు, మాట రాదంట గానీ వంక పెట్టేదానికి మాత్రం వచ్చాది!" అని తెలుగులో అంటే, అర్థం కాకపోయినా పెద్దావిడ కూడా నవ్వింది. ఆ నవ్వు ఒక పక్కకే వస్తుంది, గాలి ఎక్కువగా ఉంటుంది. అది రికార్డవుతున్నప్పుడు నేను ఆ గదిలో లేను. బహుశా అందుకే అది జరిగింది.

ఆ ముక్కని మొదట్లో పెట్టి, ఆరింటికి రెండు నిమిషాల ముందు పంపాను.

ప్రసారమైన రోజు అమ్మ, నాన్న, నేను లాప్‌టాప్ ముందు కూర్చుని విన్నాం. అక్కకి ఆ టైముకి డ్యూటీ. రెండు రోజుల తర్వాత నా ఫోన్‌కి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. అక్క కూతురు. "మా అమ్మకి అరబ్బీ వస్తాదని మాకు తెలీదక్కా. ఎప్పుడూ చెప్పనే లేదు. హాస్టల్లో అందరికీ వినిపించినా" అంది. ఆ మెసేజ్ అక్కకి పంపితే, బదులుగా చెంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వుతున్న ఫొటో పంపింది.

ఫెలోషిప్ అయ్యాక అంతా సాఫీగా జరిగిపోలేదు. ఇంటర్న్‌షిప్‌ల కోసం రాసిన చోట్ల నుంచి రెండు కాదనే జవాబులు వచ్చాయి, మిగతావాళ్ళ నుంచి ఏ జవాబూ రాలేదు. చివరికి మస్కట్‌లోనే ఒక ఇంగ్లీషు రేడియోలో మూడు నెలలకి తీసుకున్నారు. అతిథులకి నీళ్ళు అందించడం, వాతావరణం రాసివ్వడం, ఫోన్లు ఎత్తడం. మూడు నెలలు పూర్తయ్యాక ఖాళీలు లేవని మర్యాదగా చెప్పి పంపించారు. నెల రోజులు మళ్ళీ ఇంట్లోనే. తర్వాత అదే రేడియోలో ఒకామె సెలవు మీద వెళ్తే పిలిచారు. ఆమె తిరిగొచ్చాక కూడా నన్ను ఉంచేశారు. ఇప్పుడు పొద్దుటి కార్యక్రమానికి సహాయ నిర్మాతని.

ఇక్కడ కూడా ప్రసారానికి ముందు వినిపించకూడదనేదే నియమం. దాన్ని నేను దాటను. ఎందుకు ఉందో కూడా ఇప్పుడు తెలుసు, నచ్చని ప్రతి మాటా తీసెయ్యమనే పెద్దమనుషుల్ని చాలామందినే చూశాను. అందుకని మైకు ఆన్ చేసే ముందే అడుగుతున్నాను, మీరు చెప్పేది ఎవరెవరు వింటారో ఒక్కసారి ఆలోచించుకోండి, ఎవరు వినకూడదో వాళ్ళని కూడా గుర్తు చేసుకోండి అని. కొందరు వెంటనే లేచి వెళ్ళిపోతారు. మంచి కథలు అలా పోతాయి.

పోయిన వారం, ఆ తెలుగు రేడియోకే ఇంకో కథనం చెయ్యడానికి ఘాలాలో ఒక గ్యారేజీకి వెళ్ళాను. ఇరవై ఏళ్ళుగా అక్కడే బండ్లు బాగుచేస్తున్న కరీంనగర్ మెకానిక్‌ని అదే అడిగాను. ఆయన గుడ్డతో చేతులు తుడుచుకుంటూ చాలాసేపు ఆలోచించాడు.

"మా ఇంటామె వినాలె" అన్నాడు చివరికి. "ఫోన్ల నేనేం జెప్పినా నడుమల మాట్లాడ్తది. గిట్లయితే మొత్తం వింటది గదా."

మైకుని తనే దగ్గరికి లాక్కుని మొదలుపెట్టాడు.