కొబ్బరి చిప్పలో మట్టి ఉండ

నా చిన్నప్పుడు, ఎనిమిదేళ్ళ వయసులో, నడవకుండా ఉండటం నేర్చుకున్నాను. నడక అందరు పిల్లలకూ వస్తుంది, నడవకుండా ఉండటమే కష్టం. అరవై దాటి, మంచం దిగాలంటే ఒకటికి రెండుసార్లు ఆలోచించుకునే ఈ రోజుల్లో ఆ కథ మళ్ళీ మొదటికొచ్చింది. అందుకని, ఓపిక లేకపోయినా చెబుతున్నాను.

మాది కారేపల్లి దాటాక అడవి అంచున ఉన్న పల్లె. ఎండాకాలం వచ్చిందంటే ఇంటిల్లిపాదీ తునికాకుకు పోవాల్సిందే. తెల్లవారకముందే అడవిలోకి పోయి ఆ బీడీల ఆకు కోసుకొచ్చి, మధ్యాహ్నం నీడన కూర్చుని కట్టలు కట్టి, సాయంత్రానికి ఆకు కొనే కల్లంలో అప్పగించేవాళ్ళం. ఆ నెలల్లో మా ఊళ్ళో కాళ్ళ నొప్పి లేని మనిషి ఉండడు. అందుకే నేను మోకాలు నొప్పి అంటూ కుంటుతుంటే ఎవరూ పట్టించుకోలేదు. మా నాయనైతే పనిదొంగ అన్నాడు. నాయనమ్మ ఒక్కతే వావిలాకు వెచ్చజేసి మోకాలికి కట్టు కట్టేది. వానలు మొదలయ్యే నాటికి నా తొడ కూడా సన్నబడింది. అప్పుడు అందరికీ భయం పట్టుకుంది.

నాయన నన్ను బస్సెక్కించి ఖమ్మంలో ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన మోకాలిని ఊరికే అలా తడిమి వదిలేశాడు. తొడను అటూ ఇటూ తిప్పి చూసి, తుంటికి ఎక్స్‌రే ఫోటో తీయించాడు. తొడ ఎముక పైకొస నిటారుగా ఉండదట. మెడలాగా పక్కకు ఒంగి, ఆ మెడ చివర గుండ్రటి తల ఉంటుందట. తుంటి ఎముకలో ఉన్న గిన్నెలాంటి గుంటలో ఆ తల కూర్చుని తిరుగుతుందట. మెడను అంటిపెట్టుకుని పోయే సన్నటి రక్తనాళాలే ఆ తలకు తిండి. నాకు ఎందుకో అవి మూసుకుపోయి తల మెత్తబడిందన్నాడు. తుంటికి పోయే నరమే మోకాలికీ పోతుంది కాబట్టి పైన చెడితే కింద నొప్పి తెలుస్తుందట. చిన్నపిల్ల కనుక ఎముక మళ్ళీ గట్టిపడుతుంది, కానీ అంతదాకా ఆ కాలి మీద బరువు పడకూడదు, పడితే తల చదునై జన్మంతా కుంటాల్సిందే అన్నాడు. ఎన్నాళ్ళని నాయన అడిగితే ఏడాది పైనే పడుతుందన్నాడు. తిరుగు బస్సులో నాయన నా మోకాలి కట్టు విప్పి కిటికీలోంచి పారేశాడు.

నడవొద్దంటే ఎనిమిదేళ్ళ పిల్ల వింటుందా? ఇంట్లో ఎవరూ లేనప్పుడు గోడ పట్టుకుని దిగేదాన్ని. ఒకరోజు నాయన కంట పడ్డాను. కొడతాడనుకున్నాను, కొట్టలేదు. వాగు దగ్గరికి పోయి బంకమట్టి తెచ్చి, నిమ్మకాయంత ఉండ చేసి, కొబ్బరి చిప్పలో పెట్టి నా మంచం పక్కన కూర్చున్నాడు.

"గీ చిప్ప నీ తుంటి. గీ ఉండ నీ బొక్క తల. ఏదీ, నొక్కు," అన్నాడు.

నొక్కాను. ఉండ అణిగి బిళ్ళలా అయింది.

"సూసినవా? కాలు కింద పెడితే గిట్లనే అయితది. గిది ఎండి గట్టివడ్డ నాడు ఉరుకుదువు గని."

మళ్ళీ గుండ్రంగా చేసి చిప్పలో పెట్టాడు. ఇక రోజూ దాన్ని నొక్కి చూడటమే నా పని. ఆ పాడు మట్టి ఎండితేనా! చిప్పను గుమ్మం దగ్గర ఎండలో పెట్టించుకునేదాన్ని. సాయంత్రానికి కాస్త గట్టిపడినట్టే ఉండి, పొద్దున చూస్తే మళ్ళీ మెత్తగా ఉండేది. నేను ఏడ్చేదాన్ని. దొడ్లోకి పోవాలన్నా, వాకిట్లో కూర్చోవాలన్నా అమ్మో నాయనో ఎత్తుకోవాలి. వానాకాలం, చలికాలం అలాగే గడిచిపోయాయి.

మళ్ళీ తునికాకు రోజులొచ్చాయి. రాళ్ళు పగిలే ఎండల్లో కూడా ఉండ పచ్చిగానే ఉంటే, నా ఎముక ఇక ఎప్పటికీ గట్టిపడదేమోనని గుబులు పట్టుకుంది. ఒక వేకువన మెలకువ వచ్చింది. నాయన అడవికి పోవడానికి తలకు తువ్వాలు చుట్టుకుని, నా మంచం పక్కన గొంతుకూర్చుని ఉన్నాడు. చెంబులో వేళ్ళు ముంచి ఉండ మీద నీళ్ళు చల్లుతున్నాడు. అరచేతుల మధ్య దాన్ని గుండ్రంగా తిప్పుతూ తిప్పుతూ అలాగే కునుకు తీశాడు. ఉలిక్కిపడి కళ్ళు తెరిచి, ఉండను చిప్పలో పెట్టి, నడుం పట్టుకుని లేచాడు.

ముందు నాకు ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళూ నన్ను ఏడిపించింది ఈయనా అనిపించింది. గట్టిగా అరవాలనుకున్నాను. కానీ ఆ నిద్ర మొహం చూశాక కళ్ళు మూసుకుని పడుకున్నాను. డాక్టరు పెట్టిన గడువు ఇంకా తీరలేదు. నన్ను మంచం దిగకుండా ఆపడానికి ఆయన దగ్గరున్నది ఆ పిడికెడు మట్టే.

పొద్దెక్కాక ఆకు మోపుతో తిరిగొచ్చి, ఎప్పటిలాగే అడిగాడు. "ఎట్లుంది బిడ్డా?"

బొటనవేలితో నొక్కి, "ఇంకా మెత్తగనే ఉంది నాయనా," అన్నాను. ఆ మాట ఏడవకుండా అనడం అదే మొదటిసారి.

ఆయన కాసేపు నా మొహంలోకి చూశాడు. "అవ్, పచ్చిగనే ఉన్నట్టుంది," అని కాళ్ళు కడుక్కోవడానికి పోయాడు. నాకు తెలిసిపోయిందని ఆయనకూ తెలిసిందనే అనుకుంటాను. అయినా ఆయన నీళ్ళు చల్లడం మానలేదు. నేను మళ్ళీ గోడ పట్టుకుని దిగలేదు.

ఆ వానాకాలం తీసిన ఫోటో చూసి డాక్టరు ఇక నడవమన్నాడు. తల నిండు గుండ్రంగా రాలేదు, ఒక పక్క కాస్త చదును. అందుకే కొంచెం ఒరిగి నడుస్తాను. ఇంటికొచ్చాక నాయన చిప్పను తీసుకుపోయి ఎండలో పెట్టాడు.

ఆ తల ఇప్పుడు అరిగిపోయింది. తీసేసి ఇనుప తల వేస్తారట. ఈ వయసులో ఆ తంతంతా తలుచుకుంటేనే నీరసం వస్తుంది. రాత్రి డ్యూటీ చేసి నేరుగా నా దగ్గరికి వచ్చే మా అమ్మాయి, "వారంలో నువ్వే నడుస్తవమ్మా, ఏం నొప్పుండదు," అంటుంది. డాక్టరు ఏమన్నాడో నేనూ విన్నాను. వారంలో అయ్యేదీ కాదు, నొప్పి లేకుండా పోయేదీ కాదు. ఆమె కళ్ళు నిద్రలేక మూసుకుపోతుంటాయి.

"అవ్ బిడ్డా," అంటాను.