గుడ్‌బై చెప్పాక పక్క సీటులో

ఈ రోజు మధ్యాహ్నం స్టాఫ్ రూములో సుజాతతో గొడవైంది. ఆమె మా బడిలో ఇంగ్లిష్ టీచర్, నాకు ఎనిమిదేళ్ల స్నేహితురాలు. నేను అప్పుడప్పుడు గంట ముందే ఇంటికి వెళ్తున్నానని ప్రిన్సిపాల్‌కు చెప్పేసిందట. కోపం ఆగక "మన దోస్తానీకి గుడ్‌బై!" అనేసి బయటికి వచ్చాను.

సాయంత్రం నిజామాబాద్‌లో వర్ని వెళ్లే బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. చివరగా ఎక్కిన సుజాతకు నా పక్క సీటొక్కటే మిగిలింది. మధ్యలో జనం, ఎరువు బస్తాలు. లేచి పోదామన్నా సందు లేదు. అదే పనిగా కిటికీలోంచి బయటికి చూసి చూసి మెడ పట్టేసింది.

ఆమె ఊరు మోస్రా దగ్గర పడుతుండగా ఆమే నోరు తెరిచింది. "గుడ్‌బై అంటే ఏందో ఎర్కేనా? దేవుడు నీకు తోడుండాలె అని."

"నేను గట్ల అనలే."

"నువ్వనకున్నా దాని అర్థం గదే. నీకు తిట్టుడు గూడ సక్కగ రాదు."

నవ్వు ఆపుకోలేకపోయాను. "సారుకెందుకు చెప్పినవే?" అన్నాను.

"అడిగేసరికి నోట్లకెళ్లి జారింది. తప్పయింది."

ఆమె మోస్రాలో దిగిపోయింది. నా కోపం సగమే పోయింది. అయినా రేపు ఆమెకు సీటు ఆపాలనే ఉంది. మీరైతే ఆపుతారా?