సైకిల్ బాట మీద అత్తవారి ధాన్యం

మా అత్తవారి ఊళ్లోనే నాకు ఉద్యోగం పడింది. గ్రామ సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంటుని. ఆ పేరులో నేను మొదటి మాటే చదువుకుంటాను, ఊరు మాత్రం రెండో మాటే చదువుతుంది. ఎలా చదివినా చివరికి అందరికీ నేను అల్లుణ్ణి. వీధిదీపం వెలిగితే గవర్నమెంటు వేసింది, ఆరిపోతే అల్లుడు వేశాడు. మా ఊరి పరిపాలనా సూత్రం ఇది.

అలాంటి ఊళ్లో సైకిల్ బాట కట్టించాలని నాకెందుకు బుద్ధి పుట్టిందంటే, మా ఆవిడ అన్నగారి కూతురి వల్ల. ఆ పిల్ల పదో తరగతి. ఊళ్లో అందరికంటే బాగా చదువుతుంది, అందరికంటే వేగంగా సైకిలు తొక్కుతుంది. ఇంటర్‌కి ఎచ్చెర్ల కాలేజీలో చేరాలని దాని కోరిక. ఊరి నుంచి హైస్కూలు దాకా చిన్నరోడ్డు. అక్కణ్ణించి ఎచ్చెర్లకి వెళ్లాలంటే హైవే ఎక్కాల్సిందే. ఆ హైవే మీద లారీలు పోయే పోకకి నేనే మోటారుసైకిల్ మీద ఊపిరి బిగబట్టుకుని వెళ్తాను. ఆటోలు నిండితే గానీ కదలవు, నిండాక కాలేజీ గంట కోసం ఆగవు. వాళ్ల నాన్న, అంటే మా బావ, ముందే తేల్చేశాడు. "హైవే మీద సైకిలేసుకుని ఎల్తానంటే నాను పంపను. పది సాలు."

హైస్కూలు వెనక నుంచి కాలవగట్టు పట్టుకుని పోతే హైవే మొహం చూడకుండా ఎచ్చెర్ల చేరొచ్చు. కాకపోతే ఆ గట్టు నిండా తుమ్మకంపలు. అందుకని రెండు ముక్కలుగా పథకం వేశాను. మొదటి ముక్క ఊరి నుంచి హైస్కూలు దాటి కాలవ లాకు దాకా, రోడ్డు వారనే సిమెంటు బాట. రెండో ముక్క లాకు నుంచి గట్టు మీదుగా ఎచ్చెర్ల. మట్టిపని ఉపాధి హామీలో, కొంత పంచాయతీ నిధుల్లో, మిగతాది జిల్లా నుంచి. ఆ జిల్లా వాటా రెండు విడతలు. మొదటి ముక్కని జనం నిజంగా వాడుతున్నారని పైఅధికారి కళ్లారా చూస్తేనే రెండో విడత.

సైకిలుని తొక్కితే ముందుకి పోతుంది, ఫైలుని తొక్కితే కిందకి పోతుంది. నా ఫైలు ఎన్ని బల్లల కింద పడిందో చెప్పను గానీ, మా ఆవిడకి పిన్ని అయ్యే సర్పంచి గారు ప్రతి బల్ల దగ్గరికీ నాతోపాటు వచ్చి కూర్చున్నారు. ఆవిడ కూర్చుంటే అవతలివాళ్లు లేవాల్సిందే. కార్తీకమాసం చివర్లో మొదటి ముక్క పూర్తయింది. సిమెంటు నున్నగా, అద్దంలా వచ్చింది. నా పనితనానికి నేనే మురిసిపోయి, చెప్పులు విడిచి మరీ నడిచాను.

ఒక మంగళవారం పొద్దున్న జిల్లా ఆఫీసు నుంచి ఫోను. బాట తనిఖీకి పైఅధికారి మేడం గురువారం వస్తున్నారు. ఆ ఉత్సాహంతో బాట చూసుకుందామని వెళ్లాను. బాట లేదు. ఊరి చివర మొదలుకుని హైస్కూలు మలుపు దాకా బంగారపు తివాచీ పరిచినట్టు ధాన్యం. బళ్లు ఎక్కకుండా అంచుల వెంబడి బండరాళ్లు, కొబ్బరి మట్టలు. అన్నిటికంటే ముందు, ఎండ బాగా తగిలే చోట, మా అత్తగారు పాదాలతో గింజలు తిరగేస్తూ అటూ ఇటూ నడుస్తున్నారు. సైకిళ్లు తొక్కుతారని కట్టిన బాట మీద అత్తగారు ధాన్యం తొక్కుతున్నారు.

బావ తువ్వాలు తలకి చుట్టుకుని ఎదురొచ్చాడు.

"ఏం కట్టించినావు బావా! పొద్దున్న ఏసిన గింజ సాయంత్రానికి గలగల్లాడతాది. ఇన్నాళ్లకి ఇంజనీరువనిపించుకున్నావు."

"బావా, ఇది కళ్లం కాదు. సైకిల్ బాట."

"సైకిలెప్పుడూ ఉంటాది బావా. ఎండ రెండ్రోజులే ఉంటాది. వాయుగుండమంటన్నారు, ఇన్లేదేటి?"

విన్నాను. వాన పడితే కోసిన పంట మొలకెత్తుతుంది. తేమ ఎక్కువగా ఉంటే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు. ఏడాది కష్టం ఆ బాట మీద పరచి ఉంది. ఎవర్ని ఏమనగలను? అయినా అత్తగారి దగ్గరికెళ్లి, నాకు తెలిసినంత వినయంగా అన్నాను.

"అత్తయ్యా, సైకిళ్లు పోవాలి కదా."

"ఎల్లమనండి బాబూ. ఆ వార నుంచి ఎల్తాయి."

ఆ వారన మావగారి తమ్ముడి ధాన్యం ఉంది.

సరిగ్గా అప్పుడే బడికి వెళ్తూ మేనకోడలు వచ్చింది. బండరాయి దగ్గర సైకిలు దిగి, రోడ్డు మీదకి తిప్పబోయి, వెనక లారీ హారనుకి ఉలిక్కిపడి మళ్లీ పక్కకి లాక్కుంది. నా మొహం చూడగానే దానికి ఏదో అర్థమైంది.

"మావయ్యా, గురువారం మేడం వస్తాదంట కదా. ఇది సూసీసి ఎల్లిపోతే రెండో ముక్క రాదు కదా?"

రాదని తల ఊపాను.

"అయితే ఇక్కడ గింజలు ఆరతాయి, అక్కడ నా సదువు ఆరిపోతాది," అని సైకిలెక్కి వెళ్లిపోయింది.

అత్తగారి కాళ్లు గింజల మధ్య ఆగిపోయాయి. "ఏటి బాబూ? ఏటంటన్నాది ఈ గుంట?"

అప్పుడు చెప్పాను. రెండో ముక్క కాలేజీ దాకా పోతుందనీ, మొదటి ముక్క వాడకపోతే అది రాదనీ. ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని నన్ను పైనుంచి కింద దాకా చూశారు.

"జెండా ఎగరేసినప్పుడు మైకెట్టి గంటసేపు సెప్తారు. ఈ ముక్క మాత్రం సెప్పరు! కాలేజీకని తెలిస్తే నాను ఇక్కడ గింజ పొయ్యనిత్తునా?" పాదాలకంటిన గింజలు దులుపుకున్నారు. "ముందు మా గింజలకి సోటు సూపెట్టండి. మీ సైకిళ్లకి దారి నాను సూపిస్తాను."

ఆ సాయంత్రం సచివాలయం వరండాలో సర్పంచి గారు అందర్నీ కూర్చోబెట్టారు. "సైకిళ్లు వొండుకుని తింటామేటి?" అని ఒకరు. "అల్లుడుగోరు కట్టించింది అత్తోరు వాడుకోకూడదేటి?" అని ఇంకొకరు. నేను లేచి నా ప్రతిపాదన చెప్పాను. బాట ఆగిపోయే చోట, లాకు పక్కన పంచాయతీ చెత్తషెడ్డు ఉంది కదా. పెద్ద సిమెంటు ఆవరణ, వాన వస్తే పైన రేకులు. ధాన్యం అక్కడికి మారుద్దాం.

వరండా అంతా గొల్లుమంది.

"సెత్తలో మా గింజలేటి బాబూ!"

"అందులో ఇంతవరకూ చెత్త వెయ్యలేదండీ," అన్నాను, ఇంజనీరుగా కొంచెం సిగ్గుపడుతూ.

మూలనున్న పెద్దాయన చుట్ట తీసి అన్నాడు. "నిజమేరా. ఊళ్లో సుబ్బరంగా ఉన్న సోటు అదొక్కటే."

దాంతో తీర్మానం అయిపోయింది. బుధవారమంతా షెడ్డు కడిగి ఆరబెట్టాం, ధాన్యం బస్తాలకెత్తాం. గురువారం తెల్లవారేసరికి అసలు సమస్య తెలిసింది. ట్రాక్టర్లన్నీ పక్క ఊళ్ల కోతల్లో ఉన్నాయి. ఇన్ని బస్తాలు లాకు దాకా మొయ్యడం ఎలా? మేడం పది గంటలకి వస్తారు. అందరూ నా వైపు చూశారు. నేను ఆకాశం వైపు చూశాను. అక్కడ మబ్బు పడుతోంది.

మా మేనకోడలు ఎవరి వైపూ చూడలేదు. సైకిలు తెచ్చింది, క్యారియర్ మీద బస్తా అడ్డంగా వేయించింది, తాడు బిగించింది. రాళ్లు తీసిన బాట మీద మెల్లగా కదిలింది. దాని వెనక దాని స్నేహితురాళ్లు. వాళ్ల వెనక తమ్ముళ్లు, బాబాయిలు. అటకల మీంచి దుమ్ము పట్టిన పాత సైకిళ్లు దిగాయి. గాలి లేనివాటికి గాలి కొట్టారు, గొలుసులేని దాన్ని ఇద్దరు తోసుకుంటూ వచ్చారు. తొక్కేవాళ్లు తొక్కారు, నడిపించేవాళ్లు నడిపించారు. ఎవరికీ లారీ భయం లేదు, ఎవరూ ఎవరికీ అడ్డం లేరు. నేనూ ఒక బస్తా వేసుకున్నాను. కొంత దూరం వెళ్లాక బస్తా ఒక పక్కకి, నేను ఇంకో పక్కకి ఒరిగాం. నలుగురు పరిగెత్తుకొచ్చి బస్తాని లేపారు.

మేడం జీపు తొమ్మిదిన్నరకే వచ్చింది. ఆవిడ దిగి బాట మీద నాలుగడుగులు వేసి, "ఇది ఎవరైనా వాడుతున్నారా, లేక..." అని నన్ను అడుగుతున్నారు. వెనక నుంచి గంటల మోత.

"మేడమ్మా, పక్కకి, పక్కకి!"

ఆవిడ గబుక్కున అంచుకి జరిగారు. ఒకటి వెనక ఒకటి సైకిళ్లు. చివర్న మా మేనకోడలు. ఈసారి దాని క్యారియర్ మీద బస్తా కాదు, ఖాళీ గోనెలు ఒళ్లో పెట్టుకుని మా అత్తగారు. మేడంని చూసి సైకిలు ఆపించి దిగారు.

"అమ్మా, ఈ బాట మీద ధాన్యం ఆరబోస్తున్నారని విన్నాను," అన్నారు మేడం.

"నిన్నటిదాకా కల్లం. ఇయాల్నుంచి దారి," అన్నారు అత్తగారు. "మీరే సూసినారు కదా. అది సరే గానీ, లాకు కాడ ఆపీసినారేటి? మా గుంట కాలేజీకి కాలవ మీంచి ఎగిరెల్తాదేటి?"

మేడం నవ్వలేదు. లాకు దాకా నడిచారు. సిమెంటు అయిపోయి తుమ్మకంప మొదలయ్యే చోట నిలబడి, గట్టు వెంబడి చాలాసేపు చూశారు. షెడ్డులో పరచిన ధాన్యం చూశారు. అప్పుడు నా వైపు తిరిగారు.

"రెండో విడతకి రాస్తాను. మీ అంచనాలో ఒకటి కలపండి. బాట పక్కనే రెండు చోట్ల కళ్లాలు. అవి లేకుండా పంపారో, వెనక్కి పంపేస్తాను."

మధ్యాహ్నం దాటాక వాన కురిసింది. రేకుల కింద ఒక్క గింజ తడవలేదు. ఆ చప్పుడు వింటూ సర్పంచి గారు ఊరందరికీ టీ పోయించారు. బావ నా గ్లాసు తనే తెచ్చి ఇచ్చాడు గానీ, కాలేజీ మాట ఎత్తలేదు. "గట్టు మీద కూడా అయినాక సూద్దాం," అన్నాడంతే.

ఈసారి ఫైలు కిందకి పోలేదు. వేసవిలో కాలవకి నీళ్లు కట్టేయగానే ఉపాధి కూలీలు గట్టు ఎక్కారు. తుమ్మకంపలు పోయాయి, మట్టి పడింది, రోలరు తిరిగింది, మలుపుల్లో కంచె వచ్చింది. ముందు కళ్లాలు కట్టించి, తర్వాతే బాట పొయ్యమన్నారు అత్తగారు. కాంట్రాక్టరు నన్ను అడగడం మానేసి ఆవిడనే అడిగేవాడు. సచివాలయం అరుగు మీద ఉచితంగా గాలిపంపు పెట్టించాం. గ్రామసభలో నా ఉపన్యాసానికి వచ్చినవాళ్లకంటే దానికే ఎక్కువమంది వచ్చారు. రెండిట్లోనూ ఉన్నది గాలే గానీ, పంపుది పనికొచ్చే గాలి.

కాలేజీ తెరిచిన రోజు పొద్దున్నే ఆడపిల్లలందరూ లాకు దగ్గర చేరారు. మా మేనకోడలు పదిలో మంచి మార్కులతో పాసై, వాళ్ల నాన్న చేత సరే అనిపించుకుని, సీటు తెచ్చుకుని, కొత్త బ్యాగు తగిలించుకుని ముందు నిలబడింది. నేనూ సైకిలు మీద బయల్దేరాను. మొదటి మలుపు దాకా వాళ్ల పక్కనే ఉన్నాను.

"మావయ్యా, మీరు నిదానంగా రండి. మేం బేగి ఎల్లాలి," అని అది నవ్వింది. ఒక్కసారి అందరూ పెడళ్ల మీద లేచారు. గట్టు మీద రంగురంగుల బ్యాగులు ఎగురుకుంటూ పోయాయి. పొలాల్లో ఆకుమడి దున్నేవాళ్లు అరకలు ఆపి చూశారు. చూసి ఊరుకోలేదు, కేకలు వేశారు, తువ్వాళ్లు ఊపారు.

నేను ఎచ్చెర్లలో కాలేజీ గేటు చేరేసరికి చెమటతో తడిసి ముద్దయ్యాను. సైకిళ్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి, పిల్లలు లేరు. కాసేపటికి హైవే వైపు నుంచి మోటారుసైకిల్ మీద మా బావ వచ్చాడు. లారీల వెనక ఇరుక్కుపోయాడట. దిగీ దిగకుండానే వాచ్‌మన్ని అడిగాడు.

"మా గుంట వొచ్చినాదేటి?"

"కాలవ మీంచి వొచ్చిన గుంటలా?" అన్నాడు వాచ్‌మన్. "ఆలొచ్చి శానాసేపయినాది. కిళాసులో ఉన్నారు. తండ్రులిక్కడే ఆగాల."

బావ గేటు ఊచలు పట్టుకుని లోపలికి చూస్తూ చాలాసేపు అక్కడే ఆగాడు.