బురుజు కింద నాలుగు కన్నాలు

పద్దెనిమిది వందల నలభైకి ఒకటి రెండేళ్ళు అటూ ఇటూ. అరవదేశంలో మదుర కోటగోడలు పడగొట్టి, ఆ రాళ్ళూ మట్టీ అగడ్తలో పోసి, ఊరు పెరగడానికి చోటు చెయ్యమని కంపెనీ దొరలు ఉత్తరువిచ్చిన కాలం. మేము వాడిపట్టి వైపు ఒడ్డెవాళ్ళం. చెరువుకట్టలు వెయ్యడం, రాయి కొట్టడం మా విద్య. మా ముఠాకి నేను మేస్త్రిని. గోడ కూల్చడంలో విద్యేముంది, గడ్డపార ఉంటే చాలదా అని ఇప్పటికీ అడుగుతారు. అప్పట్లో నేనూ అలాగే అనుకున్నాను, నోరు కూడా పెద్దదే నాది.

మా వంతుకు పడమటి గోడలో ఒక బురుజు వచ్చింది. దొరలు బాస్టియన్ అనేది దీన్నే, గోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన గుండ్రటి దిబ్బ. బయట రాతి ముఖం, లోపలంతా కూరిన మట్టి, నెత్తిన సున్నపు గచ్చు. గచ్చు ఉన్నంతకాలం వాన పైనే జారిపోతుంది. కాస్తో కూస్తో లోపలికి ఇంకిన నీళ్ళు బయటికి రావడానికి అడుగున నాలుగు కన్నాలు, ఒక్కొక్కటి చెయ్యి దూరేంత. దొరల మాటలో వీప్‌హోల్. ఆ పేరూ దాని పనీ నాకు ఆలస్యంగా తెలిశాయి.

బురుజుకో పాళెం, అంటే ఒక పాళెగాడి దండు, చొప్పున కాపలా ఉండేదట నాయకరాజుల నాడు. ఆ పాళేలు ఎప్పుడో పోయినా మా బురుజుకి కాపరి మిగిలాడు. పేరు రంగప్ప, మనలాగే ఇంట్లో తెలుగు మాట్లాడే ముసలాయన. మేం గచ్చు పగలగొట్టిన రోజు వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"మేస్త్రీ, దొర కొట్టమంటే కొట్టు, నేను అడ్డం రాను. అయితే కింద ఆ కన్నాల జోలికి మాత్రం పోవద్దప్పా. కడాసి రాయి తీసేదాకా అవి తెరిసే ఉండాల."

"పోయే గోడకి ఇంకా కాపలా ఏంది తాతా?"

"కత్తి పట్టింది మా తాతలు. నేను పట్టింది ఈ గడపారే. మళ దినాలకు, అదే వానలకు, ముందర కన్నాలు తోడేది, అంతే నా కాపు."

కందకు లేని దురద కత్తిపీటకెందుకని మావాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను.

నెత్తిన గచ్చు తీసి, రెండు వరసల రాళ్ళు దించేసరికి అరవల ఐప్పసి నెల వానలు పట్టుకున్నాయి. పని ఆగింది. మా తాటాకు గుడిసెలు బురుజు అడుగునే ఉండేవి, గోడ చాటున గాలి కొట్టదని. ఆ వారమే నా భార్య పోలమ్మకి ఆడపిల్ల పుట్టింది. కన్నాల్లోంచి కారే ఎర్రనీళ్ళు నేరుగా బాలింత పడుకున్న చోటికే వచ్చేవి.

"పొయ్యి కూడా మండేది లే. బిడ్డ కింద గుడ్డ ఎప్పుడు సూసినా తడే. ఏమన్నా సెయ్యయ్యా" అంది పోలమ్మ.

రంగప్ప అప్పుడు ఊళ్ళో లేడు, కూతురింటికి పోయాడు. ఉన్నా అడిగేవాణ్ణి కాదేమో. చెరువుకట్టలో నీళ్ళు కారే కన్నం కనబడితే, అన్నం తింటున్నా చెయ్యి కడుక్కుని లేచి మూసే జాతి మాది. మూయకపోతే కట్ట తెగుతుంది, ఊరు మునుగుతుంది. నాలుగు కన్నాల్లోనూ బంకమట్టి, రాళ్ళు దట్టించి మడమతో తొక్కాను. నేల ఆరింది, పోలమ్మ పొయ్యి వెలిగించింది. మంచి పని చేశానని రెండు రోజులు మీసం దువ్వుకున్నాను.

మూడో రోజు మధ్యాహ్నం జోరువానలో రంగప్ప తిరిగొచ్చాడు. గుడిసెల ముందు ఆగి గోడ అడుగుకేసి చూశాడు.

"ఇంత మళ పడతా ఉంటే కన్నాలు ఏంటికి ఎండి ఉండాయి?"

నేనే మూశానని చెప్పాను. తిడతాడనుకున్నాను, తిట్టలేదు. రాళ్ళ మీద అరచెయ్యి ఆనించి నడిచాడు. మొన్నటిదాకా నిటారుగా ఉన్న గోడ మనిషి ఎత్తులో కడుపులా ఉబ్బి ఉంది. గచ్చు తీసి లోపలికి వాన వదిలిందీ నేనే, బయటికి దారి మూసిందీ నేనేనని అప్పుడు అర్థమైంది. 

"బిడ్డల్ని ఎత్తుకోండి. సట్టీ పానా సామాన్లు ఏమీ వద్దు, పోండి" అన్నాడు రంగప్ప.

అందరూ పరిగెత్తారు. పోలమ్మ లేవలేదు, ఒళ్ళు కాలిపోతోంది జ్వరంతో. పసిదాన్ని ఆమె పక్కన పెట్టి, మా తమ్ముడూ నేనూ నులకమంచం ఎత్తాం. బురదలో అడుగు పడటమే కష్టంగా ఉంది. వెనక గడ్డపార దెబ్బ వినబడింది, నీళ్ళు వదిలి గోడని కాసేపు నిలపాలని రంగప్ప కన్నాలు తెరుస్తున్నాడు. మొదటి కన్నం తెరుచుకుని ఎర్రనీళ్ళు చిమ్మాయి. రెండోది, మూడోది.

"తాతా, సాలు, వచ్చెయ్" అని అరిచాను.

"నువ్వు మంచం పట్టుకో. ఇది నా పని."

మంచం పూడ్చిన అగడ్త మీదుగా అవతలి గట్టు ఎక్కింది. అప్పుడు పడింది గోడ. పెద్ద చప్పుడేం లేదు, తడిమట్టి కూర్చున్నట్టు పడింది.

వాన వెలిశాక రంగప్పని బయటికి తీశాం. గడ్డపార నాలుగో కన్నంలోనే ఉంది. విచారించడానికి వచ్చిన దొరకి, కన్నాలు మూసింది నేనేనని దుబాసీ చేత చెప్పించాను. దొర విని, వాన వల్ల గోడ కూలిందని కాగితం మీద రాసుకుని పోయాడు. శిక్ష పడి ఉంటే నాకు కొంచెం నిద్ర పట్టేదేమో. రంగప్ప కూతురి ఇంటి ముందు నిలబడి అదే మాట చెప్పాను. ఆమె లోపలికి పోయింది. శవంతో పాటు మేం పంపిన గడ్డపార తెచ్చి నా చేతికిచ్చింది.

"మాకు కాసేదానికి ఇంక సువరు లేదు, గోడే లేదు. నువ్వే పెట్టుకో" అంది.

నీళ్ళను ఆపే కట్ట వేరు, నీళ్ళను వదిలే గోడ వేరు. ఏది ఎలా నిలబడిందో తెలుసుకోకుండా దాని మీద చెయ్యి వెయ్యకూడదు, పడగొట్టడానికైనా సరే. నేను నేర్చుకున్నది అంతే, దానికి ఒక మనిషి ఖర్చయ్యాడు. ఆ తర్వాత ఎన్నో గోడలు విప్పాను. ప్రతిచోటా ముందు అడుగున వంగి నీటిదారులు తోడాకే పైకెక్కాను. తోడటానికి రంగప్ప గడ్డపారే వాడాను. దాంతో ఇంతవరకూ ఒక్క రాయి కూడా పడగొట్టలేదు.